డైరెక్టర్ పదవి ముద్దు, కేసులు మాత్రం వద్దా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతుని. మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చివరి సంవత్సరం చదువుతోంది. ఇళ్లలో హింసకు గురైన ఆడవాళ్లకు ఉచితంగా కేసులు చూసే ఒక సంస్థకు సెలవుల్లో వాలంటీరుగా వెళ్తుంటుంది. చదువు పూర్తి కాగానే బోర్డులో డైరెక్టరుగా తీసుకుంటామని, ఈ నెలాఖరులోగా కాగితాల మీద సంతకం పెట్టమని వాళ్లు అడుగుతున్నారు. పదవి గౌరవమైనదే గానీ, ఆ కేసులవాళ్లతో తిరగడం మాకు ఇష్టం లేదు. మా వైపు ఆడపిల్లలు ఇలాంటి గొడవల్లోకి వెళ్లరు. రేపు సంబంధాలు రావాలి కదా. సివిల్ జడ్జి పరీక్షకు కూర్చోబెట్టాలా, ఈ పదవి తీసుకోమనాలా, లేక సోషల్ ఇంపాక్ట్ లీడర్‌షిప్‌లో పీజీ చేయించాలా? పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, మూడు దారులు పోల్చమన్నారు గానీ, మీ టెన్షన్ అంతా సంబంధాల గురించే. ఇదే ప్రశ్న ఒంగోలు నుంచి, కావలి నుంచి, నెల్లూరు నుంచి ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. సైకాలజీ చదివిన పిల్ల డీఅడిక్షన్ సెంటర్‌లో చేరతానన్నా తల్లిదండ్రులు ఇలాగే అడుగుతారు. కష్టంలో ఉన్నవాళ్ల పక్కన కూర్చుంటే ఆ కష్టం మన పిల్లకూ అంటుకుంటుందని భయం.

పోలిక సంగతి ముందు తేల్చేస్తాను. సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్) పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పట్టా చేతికి రాగానే గదిలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తే సరిపోదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. ఉచిత న్యాయసహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ జాబితాలో లాయరు (ప్యానెల్ లాయరు) కావాలన్నా మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ మూడేళ్లూ పని నేర్చుకోవడానికి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ముందుకొచ్చే కేసుల కంటే మంచి బడి నాకు తెలీదు. పిటిషన్ రాయడం, మధ్యంతర ఉత్తర్వులు అడగడం, భరణం లెక్కలు, సాక్షుల విచారణ అన్నీ ఒక్కచోటే ఎదురవుతాయి. మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా వేయాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని 2005 చట్టం చెబుతోంది. వాస్తవంలో ఎన్ని వాయిదాలు పడతాయో, ఎందుకు పడతాయో కోర్టు హాల్లో నిలబడితేనే అర్థమవుతుంది. జడ్జి కావాలన్నా మీ అమ్మాయి ఈ దారినే పోవచ్చు.

ఒక్క జాగ్రత్త. ఎన్‌రోల్ అయిన, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదైన అడ్వకేటు ఫుల్‌టైమ్ జీతానికి ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. సంస్థవాళ్లు నెలజీతం ఇస్తామంటే సంబరపడకండి. కేసుకింత ఫీజు పద్ధతిలో ఇస్తారేమో అడగమనండి. లేకపోతే జడ్జి పరీక్షకు కావాల్సిన ప్రాక్టీసు లెక్క దగ్గరే చిక్కొస్తుంది.

ఇక సోషల్ ఇంపాక్ట్ లీడర్‌షిప్. ఈ మధ్య ఈ పేరుతో కోర్సులు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. నాకు వీటి మీద నమ్మకం తక్కువ. లక్షల ఫీజు కట్టించుకుని, పనిచేయడం కంటే పని గురించి రిపోర్టు రాయడం ఎక్కువ నేర్పుతారు. దాతలకు నచ్చేలా స్లైడ్లు చేయడం వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి పిల్లాడిని చంకనేసుకుని వచ్చిన ఆవిడను ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలా, స్టేషన్‌కా అంటే మాత్రం నోరు పెగలదు. ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ 1984లో మహిళలు, పిల్లల కోసం స్పెషల్ సెల్ పెట్టినప్పుడు దాన్ని పోలీసు కమిషనర్ ఆఫీసులోనే పెట్టింది. పోలీసుల పక్కన కూర్చుని పనిచేసిన సోషల్ వర్కర్లకు అబ్బే నేర్పు తరగతి గదిలో రాదు. అమ్మాయికి అంత ఆసక్తి ఉంటే నాలుగైదేళ్లు పనిచేశాక మంచి విశ్వవిద్యాలయంలో సోషల్ వర్కో, ఎల్ఎల్ఎమ్మో చదవనివ్వండి. లీడర్‌షిప్‌కు తొందరేముంది?

ఇప్పుడు మీరు ముచ్చటపడుతున్న డైరెక్టర్ పదవి. డైరెక్టర్ అంటున్నారంటే ఆ సంస్థ సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేకుండా సేవ కోసం పెట్టిన కంపెనీ అయి ఉండాలి. అక్కడ బోర్డు సభ్యత్వానికి సాధారణంగా జీతం ఉండదు, బాధ్యత మాత్రం ఉంటుంది. వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు గానీ, వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయకపోతే డైరెక్టర్ల మీద అయిదేళ్ల అనర్హత పడుతుంది. అమ్మాయి పేరు అందులో ఇరుక్కుంటే? పైగా అడ్వకేటు కంపెనీ బోర్డులో కూర్చోవచ్చు గానీ, రోజువారీ నిర్వహణ పనులు నెత్తిన వేసుకోకూడదు. మేనేజింగ్ డైరెక్టరుగా గానీ సెక్రటరీగా గానీ అసలే ఉండకూడదు.

ఇంకో మాట. ఆఫీసులో ఏ సీనియర్ లాయరు దగ్గర పని నేర్చుకుంటుందో, బోర్డులో ఆ సీనియర్ పనితీరు మీదే ప్రశ్నలు అడగాలి. చదువు ఇప్పుడే ముగించిన పిల్ల ఏం అడగగలదు? దాతల ఫారాల్లో ‘యువతులకు ప్రాతినిధ్యం’ అన్న గడి నింపడానికి ఇలాంటి పేర్లు వెతకడం నేను చూశాను. మీ సంస్థ అలాంటిదని అనను. అడిగి తెలుసుకోమంటున్నాను.

ఇలాంటి సంస్థకు బోర్డు ఎంత ముఖ్యమో మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక డాక్టరు, ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఒక వ్యాపారి, ఒక ఆడిటరు. అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు. ఆఫీసుకు కంప్యూటర్లు కొనిచ్చిన పెద్దమనిషి ఒకరోజు ఫోన్ చేస్తాడు: ‘ఆ అబ్బాయి మా మేనల్లుడేనండీ. కేసు దాకా ఎందుకు, నలుగురం కూర్చుని సర్దేద్దాం.’ బోర్డు గట్టిదో కాదో ఆ ఫోన్‌తోనే తేలిపోతుంది. గట్టి బోర్డైతే కేసు తీసుకోవడం, రాజీపడటం ఆ మహిళ ఇష్టమని, లాయరు సలహా అని చెప్పి ఫోన్ పెట్టేస్తుంది. చుట్టరికం ఉన్న సభ్యుడు లేచి బయటికి వెళ్తాడు, వెళ్లినట్టు మినిట్స్‌లో, అంటే సమావేశం పుస్తకంలో రాస్తారు. అజెండాలో పేర్లుండవు, ఫైలు నంబర్లుంటాయి. లైంగిక నేరాల బాధితుల వివరాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు పడొచ్చని చట్టమే చెబుతోంది. అయినా చెక్కు ఇచ్చేటప్పుడు దాత పక్కన బాధితురాలిని నిలబెట్టి ఫొటో తీయించే మహానుభావులున్నారు.

కాబట్టి వేలం కేంద్రంలో పొగాకు బేలు విప్పి చూడకుండా పాట ఎలా ఉండదో, కాగితాలు చూడకుండా సంతకం కూడా ఉండకూడదు. మూడేళ్ల ఆడిట్ లెక్కలు, మినిట్స్ పుస్తకం చూపించమనాలి. బోర్డులో ఒకే ఇంటివాళ్లు ఎంతమంది, చెక్కుల మీద సంతకాలు ఎవరివి అని అడగాలి. చూపించడానికి మొహమాటపడితే నమస్కారం పెట్టి రావడమే.

చివరికి సంబంధాల మాట. కోపం తెచ్చుకోకండి. బయోడేటాలో డైరెక్టర్ అని రాసుకోవడానికి పదవి కావాలి, ఏ ఆడవాళ్ల కోసం ఆ పదవి ఉందో వాళ్లు మాత్రం వద్దంటారా? మీ వైపు ఆడపిల్లలు గొడవల్లోకి వెళ్లరన్నారు. 1992లో సారా కొట్ల మీదికి వెళ్లిన ఆడవాళ్లది మీ పక్క జిల్లా దూబగుంటే. మరుసటేడు రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆదాయం ఎంతున్నా ఏ మహిళకైనా ఉచిత న్యాయసహాయం హక్కని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం చెప్పింది. ఆ పని చూసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అధ్యక్షులు ఎవరనుకున్నారు? జిల్లా జడ్జిగారే. మీ అమ్మాయిని ఏ కుర్చీలో చూడాలని కలలు కంటున్నారో, అలాంటి కుర్చీలోవాళ్లే ఈ పనికి పెద్ద. ఇది పరువు తక్కువ పని ఎలా అవుతుంది? ఈ పని చేస్తోందని వెనక్కి పోయే సంబంధం పోతేనే మీకు నిశ్చింత. రేపు మీ బంధువుల్లో ఏ ఆడపిల్లకు అవసరం పడినా ముందు తొక్కేది మీ గుమ్మమే.

భద్రత గురించి మీరు అడగలేదు, అడగాల్సింది అదే. అవతలి పక్షంవాళ్లు బెదిరిస్తే సంస్థ ఏం చేస్తుంది, కోర్టుకు తోడు ఎవరొస్తారు, ఆఫీసు ఫోన్ వేరే ఇస్తారా అన్నవి సంతకం కంటే ముందు తేలాలి.

ముందు ఎన్‌రోల్‌మెంట్ కానివ్వండి, కేసులు చూడనివ్వండి. బోర్డు సంగతి కొన్నేళ్ల తర్వాత చూసుకోవచ్చు. నెలాఖరు గడువుకు తొందరపడనక్కర్లేదు. కేసుల్లో పనిచేస్తాను, బోర్డులోకి ఇప్పుడే రానని అమ్మాయినే ఫోన్ చేసి చెప్పనివ్వండి. ఆ ఫోన్ మీరు చేయకండి.