ఫ్రేమ్ మీద గ్రీక్ కీ అంచు మూలల్లో ఎందుకు కుదరదు

బొమ్మ ఫ్రేమ్‌కి రంగులతో అంచు వేయడంలో మీరు చెప్పిన ఇబ్బందులు రెండు. చేత్తో గ్రీక్ కీ అంచు (గీత చదరంగా మెలికలు తిరుగుతూ సాగే గ్రీకు నగిషీ) వేస్తుంటే చివరి మూలకొచ్చేసరికి సగం మెలికే మిగులుతోంది. పాత టేకు ఫ్రేమ్ మీద వేసిన రంగేమో పెచ్చులూడుతోంది. మొదటిది లెక్క తప్పు, రెండోది పునాది తప్పు.

పట్టీ వెడల్పుని 5 గళ్లుగా విడగొట్టండి. 25 మి.మీ. పట్టీకి గడి 5 మి.మీ. మామూలు కొక్కెం మెలికకి 5 గళ్లు, పక్కన ఖాళీ గడి ఒకటి, మొత్తం 6. చాలామంది పొడవుని 6తో భాగించి ఊరుకుంటారు. అప్పుడు మొదటి మెలిక మూలకి అతుక్కుపోతుంది, చివరి మెలిక పక్కన మాత్రం ఖాళీ ఉంటుంది. మొదట్లోనూ ఖాళీ కావాలి కాబట్టి మెలికల సంఖ్యని 6తో హెచ్చవేసి 1 కలపాలి. నాలుగు మూలల్లో వేరే గుర్తుకి వదిలే చదరాలు పోను పొడుగు వైపు 370 మి.మీ. ఉంటే 12 మెలికలకి 73 గళ్లు, గడి 5.07 మి.మీ. పొట్టి వైపు 270 అయితే 9 మెలికలు, 55 గళ్లు, గడి 4.91. ఈ తేడా కంటికి ఆనదు. అదే తేడా అంతా ఒక్క మెలికలో సర్దితే గది అవతల్నించి కూడా పట్టేస్తారు. స్కేలు జరుపుకుంటూ గుర్తులు పెడితే పొరపాటు పేరుకుంటుంది. పొడవాటి కాగితం పట్టీ మీద ముందే గుర్తులు పెట్టుకుని ఫ్రేమ్ మీదికి దించండి.

మూలలో మెలికని తిప్పే తంటా వద్దు. ఏథెన్స్ పాత రెడ్-ఫిగర్ కుండల (నల్లటి నేల మీద ఎర్రమట్టి రంగు బొమ్మలుండేవి) మీద మెలికల నడుమ ఇంటూ గుర్తు చదరాలు వస్తుంటాయి, అదే మూలకి పెట్టండి. దాని ఒక గీత సరిగ్గా 45 డిగ్రీల అతుకు మీద పడుతుంది. చెక్క వానలకి ఉబ్బి, ఎండలకి ముడుచుకుని వెంట్రుకంత పగులిచ్చినా నల్లగీతలో కలిసిపోతుంది. అక్కడ పువ్వు వేస్తే రేకులు చీలినట్టుంటాయి.

పెచ్చులకి కారణం మెరిసే వార్నిష్, దాని కింద టేకు నూనె. 180 నంబరు ఉప్పు కాగితంతో మెరుపు పూర్తిగా చంపి, థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరాక ఒక చేయి (పూత) ప్రైమర్, ఆపైన పల్చగా మూడు చేతులు యాక్రిలిక్ గెస్సో (రంగు పట్టడానికి కింద పూసే తెల్లటి పూత). ఒక్కసారే మందంగా పూస్తే ఆరేటప్పుడు నెర్రెలిస్తుంది. ప్రతి చేతికీ మధ్య 320తో రుద్దండి.

కుండ మట్టి ఛాయ నేల రంగుకి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), కాస్త తెలుపు. మీద మెలికలకి నలుపు. గీతలు తిన్నగా రావడానికి అంటించే టేపు అంచు కింద నలుపు పాకకుండా ముందు ఆ అంచుమీద నేల రంగే ఒకసారి పూయండి. పాకితే అదే పాకుతుంది, కనబడదు. నలుపు పూర్తిగా ఆరకముందే టేపు లాగెయ్యాలి. వార్నిష్ మ్యాట్‌దే వాడండి, మెరిస్తే కుండ మట్టి ఛాయ పోయి ప్లాస్టిక్‌లా ఉంటుంది.

అలలు, తాటాకు పువ్వులు, ఆలివ్ కొమ్మలు అన్నీ కలిపి నింపకండి. మ్యూనిక్ చిత్రకారుడు ఫ్రాంజ్ ఫాన్ స్టుక్ 1893 నాటి ‘పాపం’ చిత్రానికి తానే రూపొందించిన బంగారు ఫ్రేమ్‌లో కూడా అలంకారం ప్రధానంగా స్తంభాలే.

బొమ్మ కూర్చునే గాడిలో మాత్రం రంగు వేయకండి. యాక్రిలిక్ మన ఎండలకి మెత్తబడి కాన్వాస్ అంచుకి అంటుకుంటుంది. విప్పేటప్పుడు బొమ్మ రంగు ఫ్రేమ్‌తోపాటు ఊడొస్తుంది.