క్వార్టెట్‌లో వాయిస్తే జీతం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. చిన్నప్పటి నుంచి వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది. సోలో పోటీల్లో కప్పులు గెలిచింది. ఇప్పుడు బీటెక్ వద్దు, అమెరికాలో క్రోనోస్ క్వార్టెట్ అని నలుగురు కలిసి వాయించే బృందం ఉందట, అలాంటి దాంట్లో వాయిస్తానంటోంది. లోన్ తీసి విదేశాల్లో మ్యూజిక్ డిగ్రీకి పంపాలా, బీటెక్‌లో చేర్చాలా? జీతం ఎంతుంటుంది?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: అలాంటి బృందాలకు నోటిఫికేషన్లు పడవండీ. డేవిడ్ హారింగ్టన్ 1973లో సియాటిల్‌లో మొదలుపెట్టారు క్రోనోస్‌ను. ఆ ఏడాదే కెన్ బెన్‌షూఫ్ అనే స్వరకర్తతో కొత్త రచన చేయించుకుని ఇచ్చిన పారితోషికం ఒక సంచీడు డోనట్లు. అక్కడి నుంచి వెయ్యికి పైగా రచనలు, అరేంజ్‌మెంట్లు చేయించుకునే దాకా వచ్చారు. 2005లో ఆర్.డి.బర్మన్ పాటల ఆల్బమ్‌కు ఆశా భోంస్లే, జాకిర్ హుస్సేన్ వాళ్ళతో కలిశారు.

క్వార్టెట్‌కు ముందు నిలబడి చేతులూపి నడిపించే కండక్టర్ ఉండడు. ఒకరు ఊపిరి తీసుకోవడం చూసి మిగతా ముగ్గురూ కమాను కదపాలి. ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నది వాదించుకుని, నొటేషన్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. మీరేమో కప్పుల గురించి రాశారు. అమ్మాయి ఎవరితో కలిసి వాయిస్తుందో ఒక్క ముక్క లేదు. అసలు మీకు తెలుసా?

ఇంటర్ కాగానే అప్పు చేసి విదేశీ మ్యూజిక్ డిగ్రీకి పంపడం ఈమధ్య ఫ్యాషనైంది. నాకు దాని మీద గురి లేదు. చదువు అవగానే ఈఎంఐ నెత్తిన కూర్చుంటే పిలిచిన ప్రోగ్రాముకల్లా పరిగెత్తాల్సిందే. డబ్బురాని రిహార్సల్‌కు నెలల తరబడి కూర్చునే తీరిక ఎక్కడిది? బృందం నిలిచేది ఆ రిహార్సల్స్ మీదే.

మీ భయం జీతం గురించి కాదు, అమ్మాయి ఎటూ కాకుండా పోతుందేమోనని. అంత టెన్షన్ అక్కర్లేదు. బాగా వాయించేవాళ్ళకు పాఠాలు, స్కూలు ఉద్యోగాలు, స్టూడియో రికార్డింగులు ఉంటాయి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో తనకు ఇష్టమైన డిగ్రీ చేయనివ్వండి, బీటెక్కే కానక్కర్లేదు. సాయంత్రాలు బయటికి వదలని హాస్టల్ మాత్రం వద్దు.

క్రోనోస్ వాళ్ళు విద్యార్థుల కోసమే 50 కొత్త రచనలు చేయించి, నొటేషన్ అంతా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. జాకిర్ హుస్సేన్‌దీ ఒకటుంది. దింపుకుని మరో ముగ్గురిని వెతుక్కోమనండి. క్వార్టెట్‌కు వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) కూడా కావాలి. అది వాయించేవాళ్ళు దొరకడం కష్టం, దొరక్కపోతే తననే పట్టమనండి. ఆ ముగ్గురితో రెండేళ్ళు నిలబడితే, అప్పుడు పీజీకి విదేశాల మాట ఎత్తండి, అదీ స్కాలర్‌షిప్ వస్తేనే.