టెక్ సందేహాలు: మియాటాకి పవర్ స్టీరింగ్ పీకేయాలా?

ఓటీపీ రావట్లేదనో, ఫోన్ వేడెక్కుతోందనో వచ్చే ఉత్తరాల మధ్య ఈసారి స్టీరింగ్ గురించి మూడు వచ్చాయి. మొదటిదానికి జవాబు కాస్త పొడుగు.

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను. 1994 మాజ్డా మియాటా (రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) కొన్నాను, పవర్ స్టీరింగ్ ఉంది. రోజూ ఆఫీసుకి దీంట్లోనే వెళ్తాను, వీకెండ్స్‌లో ఆటోక్రాస్‌కి తీసుకెళ్తాను. కోన్ల మధ్య మెలికలు తిప్పేటప్పుడు ఒక్కోసారి స్టీరింగ్ ఉన్నట్టుండి టైట్ అయిపోతోంది. ఒక ఫ్రెండ్ పవర్ సాయం లేని మాన్యువల్ ర్యాక్ (వీల్ తిప్పితే చక్రాలని తిప్పే గేరు) వేయమంటాడు, ఇంకొకడు పవర్ స్టీరింగ్ పంపు తీసేయమంటాడు, మూడోవాడు చిన్న స్టీరింగ్ వీల్ కొనమంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ప్రస్తుతానికి ముగ్గురి మాటా వినకండి. ముందు బానెట్ ఎత్తి పవర్ స్టీరింగ్ బెల్ట్ చూడండి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో ఆటోక్రాస్ అంటే ఎక్కువగా ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కొక్క కారునే గడియారంతో పోటీకి వదలడం. అక్కడ ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే పోటీల్లో ఒక్క కోన్ తగిలితే 2 సెకన్లు కలుపుతారు. ఒక రౌండ్ సుమారు నిమిషంలో అయిపోతుంది, ఆ నిమిషమంతా చేతులకి ఊపిరాడదు.

మీ కారులో ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్‌ని తేలిక చేసే పంపు ఇంజిన్ బెల్ట్ మీద తిరుగుతుంది. స్లాలంలో, అంటే కోన్ల మధ్య మెలికల్లో, మీరు యాక్సిలరేటర్ వదులుతారు, ఆర్‌పీఎం పడిపోతుంది, సరిగ్గా అప్పుడే స్టీరింగ్‌ని గబగబా అటూ ఇటూ తిప్పుతారు. అడిగినంత ఆయిల్‌ని పంపు అందించలేకపోతుంది. ఆ అర సెకను స్టీరింగ్ రాయిలా తగులుతుంది. బెల్ట్ వదులైనా, అరిగి నున్నగా మెరుస్తున్నా, ఆయిల్ నల్లబడి నురగ కడుతున్నా ఇది ఇంకా ఎక్కువ. ఈ మూడూ ఒక మధ్యాహ్నంలో తేలిపోయే పనులు.

మాన్యువల్ ర్యాక్ సలహా ఇచ్చిన ఫ్రెండ్‌ని ఒక లెక్క అడగండి. ఆ తరం మియాటాలో మాన్యువల్ ర్యాక్ నిష్పత్తి సుమారు 18:1, పవర్ ర్యాక్‌ది 15:1. ముందు చక్రాలు 10 డిగ్రీలు తిరగాలంటే మీ ర్యాక్‌తో 150 డిగ్రీలు తిప్పితే చాలు, మాన్యువల్‌తో 180 తిప్పాలి. తొమ్మిది, మూడు గంటల స్థానాల్లో పట్టుకున్న చేతులు 180 దగ్గర పూర్తిగా అడ్డంగా పెనవేసుకుంటాయి. ఇక పట్టు వదిలి మార్చుకోవాల్సిందే. ఇరుకు మలుపుల ఆటలో నెమ్మది ర్యాక్ కొని తెచ్చుకోవడం నాకైతే దండగ ఖర్చే అనిపిస్తుంది.

పంపు తీసేయమన్న రెండోవాడి మాటలో కొంత సరుకుంది. 15:1 వేగం అలాగే ఉంటుంది, బెల్ట్, గొట్టాలు, పంపు బరువు పోతాయి, రోడ్డు చేతికి బాగా తెలుస్తుంది. అయితే చాలామంది బెల్ట్ కోసేసి, గొట్టం రెండు కొసలూ కలిపేసి పనైపోయిందంటారు. కాలేదు. ర్యాక్ లోపల ఆయిల్ కోసం పెట్టిన పిస్టన్ సీల్ ఇంకా రాసుకుంటూనే ఉంటుంది. పైగా పినియన్‌లో (ర్యాక్‌ని జరిపే చిన్న గేరు) ఒక సన్నని కడ్డీ ఉంటుంది. మీరు తిప్పగానే ముందు అది మెలితిరిగి వాల్వు తెరవాలి, అది దాని ఉద్యోగం. పంపు పోయినా ఆ కడ్డీ తన ఉద్యోగం మానదు. అందుకే నడిమధ్యలో కొంచెం ప్లే (లూజు) మిగిలిపోతుంది. సరిగ్గా చేయాలంటే ర్యాక్ విప్పి సీల్ తీసేయాలి, ఆ కడ్డీ మెలితిరగకుండా పినియన్‌ని వెల్డ్ చేయాలి, గ్రీజు పట్టించి బిగించాలి. స్టీరింగ్ మీద వెల్డింగ్ వీధి చివరి షాపులో చేయించే పని కాదు. మియాటా ర్యాకులే బాగుచేసేవాళ్ల దగ్గర తయారుగా ఉన్నది కొనండి.

ఇక చిన్న వీల్. సుమారు 370 మిల్లీమీటర్ల వీల్ తీసి 330ది పెడితే చేతులు కదలాల్సిన దూరం తగ్గుతుంది కానీ, తిప్పాల్సిన డిగ్రీలు తగ్గవు. తిప్పడానికి పట్టే బరువు 12 శాతం పెరుగుతుంది. పంపు లేని 15:1 ర్యాక్ మాన్యువల్ కంటే ఎలాగూ 20 శాతం బరువు. రెండూ కలిస్తే మాన్యువల్ మీద మూడో వంతు ఎక్కువ. మెత్తటి రబ్బరు టైర్లతో సోమవారం ఆఫీసు పార్కింగ్‌లో వెనక్కి తీసేటప్పుడు భుజాలకి తెలుస్తుంది. వీల్‌తోపాటు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుంది. రోజూ హైవే ఎక్కే కారులో ఆ పని నేను చేయను.

ఇంకో మెలిక: ఎస్‌సీసీఏ స్ట్రీట్ విభాగంలో రూల్‌బుక్ ‘మార్చుకోవచ్చు’ అని రాయనిది ఏదీ మార్చకూడదు. పంపు తీసేస్తే మీ కన్నా బాగా మార్చిన కార్లున్న క్లాసులోకి వెళ్లిపడతారు. కొనేముందు మీ క్లాసు పేజీలు చదవండి.

ఇప్పుడు నా వైపు నుంచి ఒక పైసా ఖర్చులేని పరీక్ష. స్టీరింగ్ వీల్ నడినెత్తిన పసుపు టేపు ఒక చుట్టు వేయండి. మీ భుజం వెనక రోల్ బార్ ఉంటే ఫోన్‌ని దానికి గట్టిగా బిగించి, టెక్ ఇన్‌స్పెక్షన్‌లో (పోటీకి ముందు కారు తనిఖీ) చూపించి, నాలుగు రౌండ్లు రికార్డు చేయండి. రాత్రి నెమ్మదిగా తిప్పి చూడండి. టేపు కింది దాకా దిగిపోతోందా? అయితే మీరు మలుపు ఆలస్యంగా మొదలెట్టి ఎక్కువ తిప్పుతున్నారు. టేపు నిటారుగా ఉన్నప్పుడే కారు పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్, టై రాడ్ ఎండ్స్ (ర్యాక్‌ని చక్రాలకి కలిపే కీళ్లు) చూపించాలి. చేతులు పూర్తిగా చాచుకుని కనబడితే సీటు దూరం. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు వీల్ పైఅంచు మీద పడాలి.

అలైన్‌మెంట్‌కి వెళ్తే ముందు చక్రాలకి కొంచెం టో-అవుట్ (చక్రాల ముందు అంచులు కాస్త బయటికి తిరిగి ఉండటం) అడగండి, మలుపులోకి కారు చురుగ్గా దిగుతుంది. మరీ ఎక్కువైతే హైవే మీద అటూ ఇటూ వెతుకుతుంది, టైరు లోపలి అంచు అరుగుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఆ టైట్ తగ్గకపోతే, క్లాసు మారడం మీకు సమ్మతమైతే, అప్పుడు పైన చెప్పిన, సీల్ తీసి వెల్డ్ చేసిన ర్యాక్.

ప్రశ్న: హైదరాబాద్‌లో స్విఫ్ట్‌తో మట్టి ట్రాక్ మీద ఆటోక్రాస్ మొదలెట్టాను. ‘ఫీల్’ కోసం ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఫ్యూజు తీసేయమంటున్నారు. తీయొచ్చా?

జవాబు: వద్దు. కరెంటు ఆపేసినా మోటారు, దాని గేరు స్టీరింగ్‌కి అతుక్కునే ఉంటాయి. వాటినీ మీరే ఈడ్చాలి. వచ్చేది ఫీల్ కాదు, చేతుల నొప్పి, డాష్‌బోర్డు మీద వార్నింగ్ లైటు. మట్టి మీద టైరుకి పట్టే తక్కువ కాబట్టి మీ డబ్బు టైర్ల మీద పెట్టండి.

ప్రశ్న: ఇంట్లో లాజిటెక్ జీ29 (గేమ్ స్టీరింగ్ వీల్) మీద ప్రాక్టీస్ చేస్తున్నాను. గేమ్‌లో 360 డిగ్రీలు పెడితే టైమ్ బాగా వస్తోంది. అలాగే ఉంచనా?

జవాబు: గేమ్ గెలవాలంటే ఉంచండి. కారు కోసమైతే 900కి మార్చండి, ఆ వీల్ గరిష్ఠం అదే. పైన చెప్పిన మియాటా పవర్ ర్యాక్ ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 2.8 చుట్లు, అంటే 1,008 డిగ్రీలు. 360 దగ్గర అలవాటైన చేతులు అసలు కారులో మూడో వంతే తిప్పి ఆగిపోతాయి, ఎదురుగా కోన్ ఉంటుంది.