గోడ మీది రెండు గీతలు

గుంటూరు

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. విజయవాడ హాస్టల్లో గది తలుపు వెనక కాగితం అంటించావట. 12 వారాలు, రోజూ 200 జంపులు, యూనివర్సిటీ వాలీబాల్ సెలక్షన్స్ నాటికి జంప్ ఎలాగైనా 10 సెంటీమీటర్లు పెరగాలి అని. వినగానే గర్వంగానే అనిపించింది. మనింట్లో ఒక పనిని కాగితం మీద రాసుకుని మరీ మొదలుపెట్టినదానివి నువ్వొక్కదానివే. ఆ తర్వాత "రోజూ 200" అన్న మాట చెవిలో పడి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

దసరాకి వచ్చినప్పుడు మా పెరటి గోడ మీద సుద్దతో గీసిన గీతలు ఇంకా చెరగలేదు. మడమలు నేలకి ఆనించి చెయ్యి చాపితే నీకు 2.12 మీటర్లు. ఒళ్లు వేడెక్కాక ఎగిరి తాకింది 2.50. అంటే నీ జంప్ 38 సెంటీమీటర్లు. అదే సాయంత్రం రెండు గంటలు ఆడొచ్చాక మళ్లీ ఎగరమంటే 2.43 దగ్గరే ఆగావు. ఏడు సెంటీమీటర్లు రెండు గంటల్లో ఎటు పోయాయి? ఆడవాళ్ల నెట్ ఎత్తు 2.24. ఆ ఏడు సెంటీమీటర్లుంటే నువ్వు కొట్టిన బంతి నెట్ అవతల అడ్డుకునే బ్లాకర్ వేళ్ల మీంచి పోతుంది, లేకపోతే అరచేతుల్లోకి పోతుంది. కొత్తగా 10 తేవడానికి 12 వారాలు రాసుకున్నావు, ఉన్న ఏడింటిని మాత్రం మూడో సెట్ కల్లా పారబోసుకుంటున్నావు. చిల్లు కుండకి ముందు మాట్లు వేయించాలే, ఆ తర్వాత నీళ్లు.

ఆ మాట్లే ఫిట్‌నెస్. నువ్వది వేరే సబ్జెక్టు అనుకుంటున్నావు. జంప్ అంటే నేల వదిలే క్షణంలో నీ ఒంటికున్న వేగం, అంతే. 38 సెంటీమీటర్లు ఎగరాలంటే ఆ వేగం సెకనుకి 2.7 మీటర్లు ఉండాలి, 48కి 3.1 దాకా కావాలి. కిందికి వంగాక పైకి తన్నే సమయం అర సెకను కూడా ఉండదు. అంత తక్కువ వ్యవధిలో అంత వేగం రావాలంటే తొడలకీ పిర్రలకీ పిక్కలకీ బలం ఉండాలి, ఆ బలాన్ని పైకి చేర్చే నడుము వంగిపోకూడదు, మోసుకెళ్లే బరువు అనవసరంగా ఉండకూడదు. ఇందులో ఏ ఒక్కటీ 200 జంపులతో రాదు. జంపులు నేర్పేది ఉన్న బలాన్ని త్వరగా వాడటం. లేని బలాన్ని ఎంత త్వరగా వాడతావు?

ఇక ఆ ఏడు సెంటీమీటర్ల సంగతి. ఎగిరి బంతిని బాదే ఒక్కో స్పైక్‌కి కండరం వాడుకునే తక్షణ ఇంధనం పది సెకన్ల గట్టి పనికే అడుగంటుతుంది. అందులో సగం తిరిగి చేరడానికి అర నిమిషం, దాదాపు మొత్తం చేరడానికి మూడు నిమిషాలు పడుతుంది. దాన్ని తిరిగి నింపేది ఆక్సిజనే. అంటే గుండె, ఊపిరితిత్తులు. ర్యాలీకీ ర్యాలీకీ మధ్య దొరికే కొద్ది సెకన్లలో ఎంత నింపుకుంటావో తర్వాతి జంప్ అంత. అందుకని వారానికి రెండుసార్లు 25 నిమిషాలు మెల్లగా పరిగెత్తు. పక్కమనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం చాలు, రొప్పొస్తే అది ఎక్కువ. రోజూ 10 కిలోమీటర్లు మాత్రం వద్దు, ఎగరడానికి కాళ్లలో ఏమీ మిగలదు. స్టేడియంలో మట్టి మీద పరిగెత్తు, తారు రోడ్డు మీద కాదు. ఎండాకాలం బెజవాడలో పొద్దున ఆరున్నరకల్లా గదికి చేరిపోవాలి. గుణదల కొండ మెట్లు ఎక్కుతానన్నావట, ఎక్కడం మంచిదే. తొడలు పట్టేసేది దిగేటప్పుడు, కాబట్టి మర్నాడు ప్రాక్టీసుంటే ఎక్కకు. మెట్లు దిగుతూ పరిగెత్తితే మాత్రం నేనొచ్చి చెవి మెలిపెడతా.

ఒళ్లు వేడెక్కించుకోవడం, నీళ్లు తాగడం, బూట్ల లేసులు బిగించుకోవడం నీకు తెలుసు. రాయను.

బలం సంగతి. ముందు మడమలు లేవకుండా పూర్తిగా కూర్చుని లేవడం 20 సార్లు రావాలి. మడమలు లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయిందని లెక్క. బొటనవేలు గోడకి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలు గోడకి తాకించి చూసుకో. తాకకపోతే రోజూ పిక్కలు సాగదీయాలి, 30 సెకన్ల చొప్పున మూడుసార్లు. కూర్చోవడం కుదిరాక ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్, ఒక్కో కాలికి 8 చొప్పున మూడు సెట్లు. ఉత్తచేతులతో తేలికైపోయాక 5 కిలోల డంబెల్, ఆపైన 10 కిలోలు. వెల్లకిలా పడుకుని ఒక కాలి మీద నడుము లేపడం 10 చొప్పున మూడుసార్లు. మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని బల్లలా నిలిపే ప్లాంక్ 45 సెకన్లు, పక్కవాటు ప్లాంక్ 30. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు ఆగు. చెమట కోసం కాదు, బలం కోసం చేస్తున్నావు. జిమ్‌లో బార్ పట్టుకునే రోజొస్తే ఉత్త బారే 20 కిలోలుంటుంది, దానితోనే మొదలుపెట్టు. ఎవరైనా పక్కన లేకుండా భుజాన వేసుకోకు.

పిక్కల్ని అందరూ మర్చిపోతారు. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మడమ కిందికి దించడానికి మూడు సెకన్లు తీసుకుని పైకి లేవాలి. 25 వచ్చేదాకా ఆ కాలు జంపులకి సిద్ధం కానట్టే. దసరాకి నీకు కుడికాలికి 17, ఎడమకాలికి 11 వచ్చాయి. ఎడమ పిక్క 11 దగ్గర ఎందుకు ఆగిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి తిరగతోడక తప్పదు.

ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో ఫోన్లో ఏదో వీడియో చూసి, తెనాలిలో మీ ఇంటి పిట్టగోడ ఎక్కి వాకిట్లోకి దూకి వెంటనే పైకి ఎగిరేదానివి. ఆ గోడ రెండున్నర అడుగులు, కింద సిమెంటు, కాళ్లకి అరిగిపోయిన పాత బూట్లు. రోజుకి 150 చొప్పున ఆదివారం కూడా మానకుండా చేశావు. మొదటి వారంలోనే మూడు సెంటీమీటర్లు పెరిగిందని ఇంటిల్లిపాదికీ చెప్పావు. ఆ మూడూ బలం కాదే తల్లీ! చేతులు ఎప్పుడు ఊపాలో, ఎంత వంగాలో ఒంటికి తెలిసొచ్చి వచ్చినవి. అలాంటి లాభం త్వరగా వస్తుంది, త్వరగానే ఆగిపోతుంది. ఆగగానే నువ్వేం చేశావు? 150ని 200 చేశావు.

మూడో వారంలో ఎడమ కాలి ముందెముక లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. మూడో వారంలోనే ఎందుకంటే, దెబ్బ తగిలిన ఎముక బాగుపడే ముందు పాతదాన్ని తొలుచుకుంటుంది. ఆ తొలిచే పని మూడు వారాల్లో అవుతుంది. అక్కడ కొత్త ఎముక పోసుకోవడానికి మూడు నెలలు కావాలి. సరిగ్గా ఎముక బలహీనంగా ఉన్న రోజుల్లోనే నువ్వు దెబ్బలు పెంచావు. కండరం నెలలోపే బలపడుతుంది, దాన్ని ఎముకకి కట్టే టెండన్‌కి నెలలు పడుతుంది, ఎముకకి ఇంకా ఎక్కువ. ముందు బలపడిన కండరమే "ఇంకా చెయ్యి" అని తొందరపెడుతుంది. వెనకబడినవాటి నోట మాట రాదు, నొప్పే వస్తుంది.

పైగా బరువు తగ్గితే జంప్ ఎత్తు పెరుగుతుందని రాత్రి అన్నం మానేశావు. ఎముక పోసుకోవాల్సిన రోజుల్లో పస్తులు! రెండు నెలలు నెలసరి రాలేదన్న సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఆటలాడే ఆడపిల్లకి అది "హాయిగా ఉంది" అనుకోవాల్సిన విషయం కాదు. తిండి చాలక ఒళ్లు పొదుపు మొదలుపెట్టిందనీ, ఎముకలకి అందాల్సింది అందట్లేదనీ అర్థం. మళ్లీ అలా జరిగితే మొదట నాకు చెప్పు, రెండోది డాక్టరుకి. సిగ్గుపడి దాచావంటే మాత్రం నేనూరుకోను.

పది రోజులు పడుకున్నావు, నొప్పి తగ్గింది, మళ్లీ అదే గోడెక్కావు. తప్పులన్నిట్లో పెద్దది అదే. నొప్పి పోవడమంటే గాయం మానడం కాదు. మొత్తం మూడు నెలలు పోయాయి, జోనల్ టోర్నమెంట్ పోయింది, నువ్వేమో మంచం మీద కూర్చుని నాతో మాట్లాడలేదు.

అంత ఎత్తు నుంచి దూకి ఎగరడం చెడ్డదని కాదు. 1960ల్లో దాన్ని శిక్షణలోకి తెచ్చిన సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ, ఏళ్ల తరబడి బరువులెత్తి బలపడిన అథ్లెట్ల కోసం తయారుచేశాడు. వీడియోలో ఆ ముక్క ఎవరూ చెప్పరు, అర నిమిషంలో పట్టదు మరి. ఇప్పుడైతే గుర్తుపెట్టుకో. ఎముక వెంట పొడుగునా ఉండే నొప్పి అయితే జంపులాపి వారం చూడు. ఒక్క వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలిగినా, రాత్రి పడుకున్నప్పుడు సలిపినా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు. మోకాలి చిప్ప కిందా అంతే. వాలీబాల్‌వాళ్ల జబ్బే అది. నార్వేలో అగ్రశ్రేణి క్రీడాకారుల్ని పరీక్షిస్తే మగ వాలీబాల్ ఆటగాళ్లలో 45 శాతం మందికి ఆ నొప్పి కనిపించింది.

నేను నిద్రలో ఉలిక్కిపడేది మాత్రం మోకాలి లోపల ఎముకల్ని కలిపి కట్టే లిగమెంట్ గురించి. ఏసీఎల్ అంటారే, అది. అబ్బాయిలకంటే అమ్మాయిలకి అది తెగే ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ. ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ ఆటకి రావడానికి తొమ్మిది నెలలకి తక్కువ పట్టదు. తెగేది ఎక్కువగా ఎవరో వచ్చి గుద్దినప్పుడు కాదు, దిగేటప్పుడు మోకాళ్లు ఒకదానివైపు ఒకటి ముడుచుకుపోయినప్పుడు. నువ్వు అలిసిపోతే అచ్చం అలాగే దిగుతావు, దసరాకి చూశాను. అందుకే ఎగరడానికి ముందు దిగడం నేర్చుకోమంటున్నా. ఒక్క మెట్టు మీంచి, ఏడంగుళాలు చాలు, కిందికి దిగి మూడు సెకన్లు బొమ్మలా ఆగు. మోకాలు రెండో వేలి మీదుగా ఉండాలి, మడమ చప్పుడు వినపడకూడదు. ఐదు చొప్పున మూడుసార్లు. స్నేహితురాలితో ఎదురుగా ఫోన్లో తీయించుకో. 15కి 15 శుభ్రంగా వచ్చిన రెండు వారాలకి, ఒక అడుగు ఎత్తు నుంచి దిగు. పిట్టగోడ ఈ ఏడాదికి లేదు.

ఇప్పుడు నీ కాగితం చింపి ఇంకోటి రాసుకో. మొదటి నాలుగు వారాలు సోమ, గురువారాలు దిగడం, తర్వాత బలం. మంగళ, శనివారాలు మెల్లటి పరుగు. ప్రాక్టీసులో కొట్టే స్పైకులు, వేసే బ్లాకులు తప్ప వేరే జంపులు సున్నా. ఐదో వారం నుంచి వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు వదిలి, 40 జంపులు. ఐదు ఎగిరి రెండు నిమిషాలు ఆగాలి. ఎనిమిదో వారానికి 60, పదో వారానికి 80, అంతకు మించొద్దు. ప్రాక్టీసులో ఎగిరినవి కూడా ఆ లెక్కలోనే, అక్కడే అందరూ దొంగలెక్క వేస్తారు. ఇవి ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే చెయ్యి, ఆట అయిపోయాక కాదు. ఎత్తు తగ్గుతున్నట్టు కనిపిస్తే ఆ రోజుకి చాలు, అలసిన జంప్ నేర్పేది అలసిన జంపే. ఆఖరి వారం అన్నీ సగం.

తిండి విషయంలో హాస్టల్ మెస్‌ని తిట్టుకుంటూ కూర్చోకు. 56 కిలోలున్నావు, రోజుకి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకి 6 గ్రాములు, గ్లాసు పాలకి 8. మూడు గుడ్లు, రెండు గ్లాసుల పాలు తీసుకుంటే 34, మిగతాది పప్పు, పెరుగు, శనగలు, దొరికినప్పుడు చేప. అన్నం మానొద్దు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకో, తిన్న వెంటనే టీ తాగకు, రెండూ ఐరన్ కోసమే. హిమోగ్లోబిన్ పరీక్ష ఈ వారమే చేయించు. 12 కంటే తక్కువుంటే ఏ వ్యాయామమూ నీ మూడో సెట్‌ని నిలబెట్టలేదు. ఎనిమిది గంటల నిద్ర. ఫోన్ దిండు కింద కాదు, బల్ల మీద.

బూట్లకి డబ్బులు మీ అమ్మకి పంపాను. ఆ అరిగినవి పారెయ్.

ప్రతి రెండో ఆదివారం అక్కడే ఒకే గోడ, ఒకే బూట్లు, ఒకే వేళ చూసుకుని ప్రాక్టీసుకి ముందు మూడు జంపుల్లో మంచిదొకటి, అయిపోయాక ఇంకొకటి కొలిచి నాకు పంపు. మొదటి నెల పై అంకె కదలకపోయినా గాభరాపడకు, నేను చూసేది రెండిటి మధ్య తేడానే. పెరటి గోడకి సున్నం వేయిస్తానని మీ పెదనాన్న సంక్రాంతి నుంచీ గొడవ. నువ్వొచ్చి కొలిచేదాకా ఆగమన్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ