ఆ స్కోరు ఇంకా ఎవరికీ చూపించకు

చిన్నా,

కొత్త ల్యాప్‌టాప్ పెట్టె విప్పిన అరగంటకే, ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ప్రోగ్రాం స్కోరు ఫొటో తీసి పంపావు. సంతోషమే. కానీ ఆ అంకెను ఇంకా ఎవరికీ చూపించకు. అది 13 అంగుళాల ల్యాప్‌టాప్, లోపలున్నది చిన్న ఫ్యాను. మొదటి నిమిషం ఎవరైనా ఉరుకుతారు.

ఇంటెల్ చిప్పులకు రెండు పవర్ లిమిట్లుంటాయి, అంటే ఎన్ని వాట్లు లాగొచ్చో చెప్పే హద్దులు. పీఎల్2 కాసేపటి దూకుడు, పీఎల్1 నిలకడగా లాగేది. మొదట్లో 50 వాట్లు తాగిన చిప్పు కాసేపటికి 20 దగ్గరికి దిగిపోవచ్చు. అందుకే సినీబెంచ్ ఆర్23లో 10 నిమిషాల టెస్టే నడుపు. పక్కన చిప్పు వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి, సెన్సర్లు మాత్రమే చూపించే పద్ధతిలో లాగ్ ఆన్ చెయ్, అంకెలన్నీ ఫైల్లో రాసుకుంటుంది. థర్మల్ థ్రాట్లింగ్ దగ్గర 'యస్' పడితే వేడికి తగ్గినట్టు. అక్కడ 'నో' ఉండి వాట్లు మాత్రం దిగాయంటే, తయారుచేసినవాళ్లు పెట్టిన లిమిట్ దగ్గర ఆగినట్టు. ఈ రెండూ కలిపేయకు.

అసలు మొదటిరోజు టెస్టులే వద్దు. అప్‌డేట్లు, ఫైళ్ల ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ అన్నీ అప్పుడే వెనకాల నడుస్తుంటాయి. ఓ పూట దాని మానాన వదిలెయ్. తర్వాత బయాస్ (ల్యాప్‌టాప్‌ను మొదట లేపే ప్రోగ్రాం), డ్రైవర్ల వెర్షన్లు రాసుకుని, అప్‌డేట్లు పాజ్ చెయ్. విండోస్‌లో పవర్ మోడ్ మార్చి ఊరుకోకు, ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో ఫ్యాన్ మోడ్ వేరేగా ఉంటుంది.

ఇక ఛార్జర్. నేనోసారి ఓ సన్నటి ల్యాప్‌టాప్‌ను రెండ్రోజులు తిట్టుకున్నాను, స్కోరు సగమే వస్తోందని. తీరా చూస్తే గుచ్చింది మీ పిన్ని ఫోన్ ఛార్జరు! టైప్-సీ పిన్ను అన్నిటికీ పడుతుందిగా. ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. ఛార్జర్ మీద వాట్లు ఎన్నో చదివి మరీ పెట్టు.

పరుపు మీద అస్సలు పెట్టకు, అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్ల చాలు. మే నెల మధ్యాహ్నం వచ్చిన స్కోరుకీ, డిసెంబరు రాత్రి స్కోరుకీ పొంతన ఉండదు కాబట్టి ఏసీ 26 మీద పెట్టి అరగంట ఆగి మొదలుపెట్టు. మూడుసార్లు నడిపి మధ్య అంకె రాసుకో. ఒక్కో టెస్టుకీ మధ్య 10 నిమిషాలు చల్లారనివ్వు. ఏదైనా మార్చాలంటే ఒకసారికి ఒక్కటే మార్చు.

ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ కూడా ఇలాంటిదే. ఒక్క జీబీతో కొలిస్తే క్యాష్, అంటే డేటా మొదట పడే చిన్న వేగమైన చోటు, దాని వేగమే కనిపిస్తుంది. పెద్ద ఫోల్డర్ కాపీ పెట్టి, ఎక్కడ నీరసిస్తుందో చూడు.

ఆదివారంలోగా లాగ్ ఫైలు పంపు. ఫొటోలొద్దు.

బాబాయ్