సాయంత్రానికి తయారైన బుష్

ప్రశ్న: కాకినాడ కూడా సింగపూర్‌లా చమురు, గ్యాస్‌కి ముఖద్వారం అయితే కోనసీమ బాగుపడుతుందా?

బాగుపడదండీ. ద్వారం బాగుపడుతుంది, దాని వెనకున్న ఊళ్లు కాదు. సముద్రంలో చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గులకి సామాన్లు పంపే ఒక కాంట్రాక్టు కంపెనీలో, కాకినాడలోనే, నాలుగేళ్లు స్టోర్స్ గుమస్తాగా చేసి చెప్తున్న మాట ఇది.

ఒకసారి పంపులో బుష్, అంటే తిరిగే ఇరుసు చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టం, అరిగిపోయింది. గుప్పిట్లో పట్టేంత వస్తువు. అది సింగపూర్ నుంచి చెన్నైకి విమానంలో రావాలి, కస్టమ్స్ దాటాలి, అక్కణ్ణుంచి కారెక్కాలి. ఈలోగా బోటు జెట్టీకి కట్టేసి ఉంది, రోజు అద్దె మాత్రం పడుతూనే ఉంది. టెన్షన్ తట్టుకోలేక పాత బుష్ జేబులో వేసుకుని జగన్నాథపురంలో లేతు మిషన్ నడిపే బాబాయి దగ్గరికి పోయాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి, గోటితో గీకి, "సాయంత్రం రారా" అన్నాడు. అన్న టైముకే ఇచ్చాడు. మా మేనేజరు గారు దాన్ని ముట్టుకోను కూడా లేదు. "సర్టిఫికెట్ ఏదయ్యా?" అన్నారు.

అంతా ఆ కాగితంలోనే ఉంది. సింగపూర్‌లో చమురు బావి ఒక్కటీ లేదు. అయినా రిఫైనరీలు, చమురు బేరాలు, రిగ్గులు కట్టే యార్డులు, పరీక్షించి ముద్ర కొట్టేవాళ్లు అక్కడున్నారు. మనకేమో జెట్టీ, క్రేన్లు, కాపలా ఉద్యోగాలు. మా వైపు ఐటీఐ చదివిన కుర్రాళ్లు అదే వెల్డింగ్ పనికి గల్ఫ్ పోతున్నారు. ఇంకో జెట్టీ కట్టే బదులు కాకినాడలో ఆ ముద్ర కొట్టే ల్యాబ్ ఒకటి పెట్టమనండి, అప్పుడు మాట్లాడదాం.

మన తీరానికి ఎదురుగా సముద్రంలో డి6 అనే బ్లాకులో తీసిన గ్యాస్ 2009లో కాకినాడ దగ్గరి గాడిమొగలో ఒడ్డెక్కింది. ఎక్కినది ఆగిందా? పైపులో పడి దాదాపు 1,400 కిలోమీటర్ల అవతల గుజరాత్‌లోని భరూచ్ దాకా పోయింది.

మా వాటా కూడా మాకు అందింది లెండి. 1995 జనవరిలో మా కోనసీమలోని పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పక్క ఊళ్లో మా అమ్మమ్మ రాత్రిళ్లు దీపం పెట్టకుండా ఆ వెలుగులోనే అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. కరెంటు పోయినా తెలిసేది కాదు మాకు.

ఇప్పుడు గ్యాస్ పైపు మా కొబ్బరితోట పక్కనుంచే పోతోంది. వంటింట్లోకి బండ మాత్రం ఆటోలోనే రావాలి. సోమవారం బుక్ చేశాను, ఇంకా రాలేదు.