పెంకులు పగలగొట్టబోయే మేనకోడలికి

చిరంజీవి చిన్నారికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ వార్షికోత్సవంలో బంగళా పెంకులు చేత్తో పగలగొడతావనీ, ఆపైన మేకుల పరుపు మీద పడుకుని గుండెల మీద రాయి పగలగొట్టించుకుంటావనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనింటి ఆడపిల్ల స్టేజీ ఎక్కి అంత పని చేస్తుందంటే గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఉంగరాలు తీసెయ్. గోళ్లు కత్తిరించుకో. చెయ్యి వాచి ఉంటే ఆ వారం కొట్టకు.

ఇదంతా 'కి' శక్తి, అంటే ఊపిరితో ఒంట్లో పారే ప్రాణశక్తి అని మీ కరాటే మాస్టారు అన్నారట. నా భయమంతా అక్కడే.

నాతో కరాటే నేర్చుకున్న కుర్రాడొకడు ఉండేవాడు, నాకంటే బలవంతుడు. ఊరి జాతరలో ప్రదర్శన పెట్టారు. క్లాసులో పెంకుకీ పెంకుకీ మధ్య చెక్కముక్కలు పెట్టేవాళ్లం. ఆ రోజు స్టేజీ సర్దినవాళ్లు ఏమీ పెట్టకుండా ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. వాడు అది గమనించి మాస్టారి వైపు చూశాడు. "కి ఉన్నవాడికి చెక్కలెందుకురా" అన్నాడాయన. సందు ఉంటే ఒక్కో పెంకూ వంగి విరుగుతుంది, పై ముక్కలు పడి కింది పెంకును విరగ్గొట్టడానికి సాయపడతాయి. సందు లేకపోతే అన్నీ కలిసి ఒక్కసారే లొంగాలి. వాడికి అనుమానమొచ్చింది, ఆఖరి క్షణంలో చెయ్యి జంకింది. పెంకు విరిగితే చెయ్యి కిందికి సాగిపోతుంది, విరగకపోతే ఆ దెబ్బంతా చెయ్యే మోయాలి. చిటికెనవేలి కింది ఎముక విరిగింది.

అక్కడితో అయిపోయినా బాగుండేది. "నీలో నమ్మకం లేదు, అందుకే కి పారలేదు" అన్నాడా మాస్టారు అందరి ముందూ. వాడు నమ్మేశాడు. సిగ్గుపడి ఆసుపత్రికి పోలేదు, నూనె రాసుకుని తిరిగాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇవాళ్టికీ ఆ పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. పెంకు విరిగితే శక్తి గొప్ప, ఎముక విరిగితే పిల్లాడి తప్పు! ఈ లెక్క నీకెవరు చెప్పినా, ఎంత పెద్దవారైనా, దండం పెట్టి వచ్చెయ్ తల్లీ.

రొనాల్డ్ మెక్‌నైర్ అని అమెరికా భౌతికశాస్త్రవేత్త, కరాటేలో బ్లాక్ బెల్టు. 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో పోయిన వ్యోమగాముల్లో ఒకడు. 1979లో ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి ఈ దెబ్బల మీద పరిశోధన రాశారు. తర్ఫీదైన చెయ్యి సెకనుకు 10 నుంచి 14 మీటర్ల వేగం అందుకుంటుంది, 3000 న్యూటన్లకు మించి బలం వేస్తుంది. చెయ్యి పూర్తిగా చాచకముందే ఆ వేగం వస్తుంది. అందుకే పై పెంకును చూసి కొట్టకు, ఆఖరి పెంకు కింది నేలను చూసి కొట్టు.

సాధన లేనిదే ఇదేదీ కుదరదు. మోసే బరువును బట్టి ఎముక గట్టిపడుతుందని జూలియస్ వోల్ఫ్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు, కానీ దానికి నెలలూ ఏళ్లూ కావాలి. పరీక్షల ముందు రాత్రి చదువులా తోసెయ్యడానికి లేదు. మన కోడి రామమూర్తి నాయుడు గారు ఏనుగును ఛాతీ మీద మోసింది ప్రాణాయామంతోనే అంటారు. చిన్ననాటి నుంచీ ఆయన చేసిన కసరత్తు గురించి ఎవరూ చెప్పరు. శ్వాసను నేను తీసిపారెయ్యను. ఊపిరి పొట్టను బిగిస్తుంది, మనసును నిలబెడుతుంది, చెయ్యి జంకకుండా చూస్తుంది. దానికి 'కి' అని పేరు పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు. చెక్కముక్కలు మాత్రం పెట్టు.

ఇక మేకుల పరుపు. వందల మేకులు బరువు పంచుకుంటాయి కాబట్టి పడుకున్నాక పర్వాలేదు. ప్రమాదం పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ, బరువంతా నాలుగైదు మేకుల మీద పడితే. ఇద్దరు పట్టుకుని దించాలి, ఇద్దరు పట్టుకుని లేపాలి. అమ్మ భయపడి చిన్న రాయి పెట్టమందట, పాపం. అది తిరగబడే సలహా. బరువైన రాయి సమ్మెట దెబ్బకు అంతగా కదలదు, దెబ్బలో చాలా భాగం రాయి పగలడానికే ఖర్చవుతుంది. తేలికరాయి దెబ్బను నీ పక్కటెముకల్లోకి పంపేస్తుంది. సమ్మెట పట్టేవాడు గురి తప్పితే మాత్రం ఏ శాస్త్రమూ కాపాడదు, ముఖం అడుగు దూరంలోనే ఉంటుంది. అందుకే ఆ ఐటం నాకు ఇష్టం లేదు. నేను చూసేదాకా ఒప్పుకోకు.

పెంకులు నీ చేత్తో నువ్వే పేర్చుకో, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు. ఆదివారం బస్సుకి వస్తున్నాను. మీ మాస్టారితో మాట్లాడాలని ఉంది, ఇంట్లో ఉంటారేమో కనుక్కో.

మీ మామయ్య